కొండక్క చెప్పు

ముత్తుకృష్ణన్ బంగారంలాంటి మనిషని మీకెవరన్నా చెప్పింటే, వాళ్ళు ఆయనతో ఆట ఆడినవాళ్ళు కారు. నేను ఏడేండ్లు ఆడినాను. నాకు పెద్దమ్మ కొడుకు, అన్న. ఆయన మీద నా కోపం నిన్నామొన్నటిది కాదు, రెండువేల మూడో ఏడు, పొంగల్ దాటినాక వచ్చే మాసి నెలది. ఇంకా ఆరలేదు. ఆయన కత చెప్పమంటే చెప్తాను గాని, పొగడమంటే మాత్రం నాకు నోరు రాదు. ముందే చెప్పేస్తా ఉండా.

మాది తుమ్మగుంట. కోవిల్పట్టి నుంచి బస్సులో ముప్పావు గంట. ఊర్లో ఇంటి లోపల అందరిదీ తెలుగే. మేలువీధిలో నల్లరేగడి బూములున్న వాళ్ళు. కింద మట్టిదిబ్బ, తిట్ట అంటాం, దాని మీద మేము, పద్నాలుగు ఇండ్లు. మా తాతలు చెప్పులు కుట్టినారు, బావుల్లో నీళ్ళు తోడే తోలుసంచులు కుట్టినారు. మేము అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోతాం. దాన్ని మా పక్క ఫ్యాక్టరీ అనరు, ఆపీసంటారు. ఆ ఆపీసులో పొద్దున్నుంచి మాపు దాకా చట్రాల్లో పుల్లలు పేర్చే పని నాది. మేలువీధి వాళ్ళు మమ్మల్ని తెలుగులోనే తిడతారు, ఆ తిట్టు మాకు తెలుగులోనే తగులుతుంది. బాష ఒకటైనందుకు మాకు దక్కిన సుకం అంతే. సర్కారు కాగితంలో మా తిట్ట పోరంబోకు. మేలువీధి నోట్లో మేమే పోరంబోకు.

మా అన్న పదో తరగతి పాసై తాయిల్పట్టికి పోయినాడు, తొంభై ఒకటిలో. టపాసులకు కాగితం గొట్టాలు చుట్టే పని. ఆ కాగితం యాడిదనుకున్నారు? దేశదేశాల చెత్త. పాత పుస్తకాలూ, ఆపీసు కాగితాలూ మూటలు మూటలుగా వచ్చి పడతాయి. అందరూ చించి చుడతా ఉంటే ఈయన చదివి చుడతాడు. మేస్త్రీ తిట్టని దినం లేదు. ఒకరోజు మూటలో సగం పుస్తకం దొరికింది. అట్ట లేదు, పేరు లేదు, మొదలూ లేదు చివరా లేదు. అంతా ఇంగ్లీషు. మధ్యలో బొమ్మలు. రెక్కలున్న పాము, కోట, ముసుగేసుకున్న మంత్రగాడు, ఎన్నో ముఖాలున్న పాచిక. దాన్ని చొక్కాలో దాచుకొని వచ్చినాడు. డిక్షనరీ పక్కన పెట్టుకొని ఒక ఏడాది చదివినాడు, ఒక్కో మాటా ముల్లు తీసినట్టు తీసి.

అది ఆట పుస్తకమంట. ఒకడు కత చెప్పాలంట, మిగిలినోళ్ళు ఆ కతలో మనుషులంట. ఇప్పుడు నువ్వేం చేస్తావు అని అడిగితే వాళ్ళు చెప్పాలంట. చేసింది పారిందా లేదా అనేది పాచిక చెప్తుందంట. ఆటను ఎట్ల ముగించాలో చెప్పే కాగితాలు మాత్రం లేవు. అవి ఏ దీపావళికో ఎవరి వీధిలోనో పేలిపోయి ఉంటాయి.

తర్వాత మా పెద్దమ్మ ఏడ్చి మొత్తుకొని ఆ టపాసుల పని మానిపించి, కోవిల్పట్టిలో నేను పోయే ఆపీసుకే తెచ్చింది. పుల్లల మొనలకు అద్దే మందు కలిపే చోట పెట్టినారు. మనిషి సన్నం, చెవి వెనక పెన్సిలు, ఒంటి మీద ఎప్పుడూ గంధకం వాసన. పెండ్లి మాట ఎత్తితే నవ్వి ఊరుకునేవాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఒక ఆదివారం విరుదునగర్ బస్సెక్కి లైబ్రరీకి పోతాడు, తర్వాతి ఆదివారం మాతో ఆట. లైబ్రరీలో రాజులూ రాణుల నవలలు చదివినాడు, మాయలమరాఠీ కతలు చదివినాడు, అవి అయినాక చరిత్ర పుస్తకాల మీద పడినాడు. పాళెగాళ్ళు, తెల్లోళ్ళు, ముట్టడి. నల్లమట్టితో కట్టిన కోటగోడలో ఫిరంగి గుండు దూరి అట్నే ఇరుక్కుపోతుందని, రాతిగోడయితే పగిలిపోతుందని, ఇట్లాంటివన్నీ రాసుకొని వస్తాడు. ఆ రాసుకున్నదానికి రెక్కల పామును కలుపుతాడు. అదే మా ఆట.

తంగం అత్త ఇంటి వసారాలో కూచునేవాళ్ళం. తంగం అత్త, ఆమె తమ్ముడు కందసామి, నేను, చెప్పేవాడు ఆయన. ఎన్నో ముఖాల పాచిక మాకు యాడ దొరుకుతుంది? మా అమ్మమ్మ ఆడిన ఇత్తడి దాయాలు రెండు, అవే. మొదటి దినం తొంభై ఆరులో, ఆయన నన్నడిగినాడు.

“చెప్పు పాండీశ్వరీ, నువ్వెవరు?”

“రాణిని” అన్నాను. మరేమంటాను? దినమంతా పుల్లలు పేర్చి వేళ్ళు కాయలు కాచినదాన్ని, ఆదివారం గూడ పుల్లలు పేర్చాలా?

“కుదరదు” అన్నాడు. “పుస్తకంలో పేరున్నవాళ్ళ వేషం ఎవరూ ఎయ్యకూడదు. రాణి ఏం చేసిందో ముందే రాసేసినారు. ఇంక నువ్వేం చేస్తావు? కోటలో గోడకు మట్టి మోసినవాళ్ళు, నీళ్ళు తోడినవాళ్ళు, చెప్పులు కుట్టినవాళ్ళు ఉన్నారు గదా, వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. వెతికి వెతికి చూసినాను. వాళ్ళలో ఒకరివి కా.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “కతలో గూడ చెప్పులేనా అన్నా నాకు? దీనికి ఆట ఏమిటికి, మా నాయన పక్కన కూచుంటే చాలదా?” అని దాయాలు విసిరికొట్టినాను. ఒకటి పోయి తంగం అత్త నీళ్ళబానలో పడింది. ఆయన మెల్లిగా లేచి దాన్ని తీసి తుడిచి నా ముందు పెట్టినాడు. అదే ఆ మనిషితో చావు. గొంతు పెంచడు. తిడితే తిరిగి తిట్టడు. మనల్నే చేతకానివాళ్ళను చేసి కూచోబెడతాడు.

అట్ల పుట్టింది కొండక్క. పేరు నేనే పెట్టినాను. కోటవాకిటి దగ్గర చెప్పులు కుట్టే ఆడది. నోరు పెద్దది, నా మాదిరే. తంగం అత్త మంత్రగత్తె. నచ్చని వాళ్ళనంతా మేకలు చేసేస్తుంది. ఆపీసులో మా సూపర్‌వైజరును ఎన్నిసార్లు మేకను చేసిందో లెక్కే లేదు. కందసామి ఫిరంగులకు మందు దొంగతనం చేసేవాడు. నవ్వకండి. ఏడేండ్లు. కోట కడుపులో ఏముందో, మా వంటింట్లో ఏముందో తెలిసినంత బాగా తెలుసు మాకు. రెక్కల పాము కుబుసం విడిస్తే, ఆ కుబుసంతో నిప్పుల మీద నడిచే చెప్పులు కుట్టింది కొండక్క. ఎనిమిది మందికి కుట్టింది. ఆ ఎనిమిది మందే తెల్లోళ్ళ గుడారాలు కాల్చి వచ్చినారు. పాళెగాడు పిలిచి ఏం కావాలి అన్నాడు.

పాళెగాడంటే మా అన్నే గదా, గొంతు మార్చి మాట్లాడతాడు. మనకు తెలిసిన చోటుంటే కత తొందరగా కండ్లకు కడుతుందని కోటవాకిలిని మా తిట్ట మీదే పెట్టినాడు. “వాకిటి ముందు బూమి, వేపమాను నుంచి ఓడ దాకా, నాకూ నా పిల్లలకూ కావాలి” అన్నాను. ఓడ అంటే మా పక్క వాగు. “ఇచ్చినాను పో” అన్నాడు దొర.

“నోటిమాట నాకొద్దు. దొరల నోటిమాట నీళ్ళ మీద రాత. రాసియ్యి.”

“ముట్టడిలో తాటాకు యాడిది? కాగితం యాడిది?”

నాకేం తోచిందో ఏమో, నా కాలి చెప్పు తీసి చాప మధ్యలో టప్పుమని కొట్టినాను. “దీనిమీద రాయి!”

తంగం అత్త నోరు తెరిచింది. మా అన్న దాన్ని రెండు చేతులా ఎత్తి ఒళ్ళో పెట్టుకొని, పెన్సిలుతో గీకినట్టు చేసినాడు.

“దొర చేత్తో పట్టుకున్నాడా?” అని అడిగింది తంగం అత్త.

“పట్టుకున్నాడు” అన్నాడు.

మేము మేలువీధి దాటాలంటే చెప్పులు విప్పి చేతిలో పట్టుకోవాలి. ఆ దినాల్లో కూడ అంతే. వేసుకోవద్దన్నవాళ్ళూ లేరు, వేసుకొని నడిచినవాళ్ళూ లేరు. ఆ మధ్యాహ్నం మేము నలుగురం ఎంతసేపు నవ్వినామో చెప్పలేను. నేనయితే ఏడ్చినాను కూడ. చెప్తే సిగ్గేమి, సంతోషంతోనే.

ఆడింది ఆడినట్టు నోటుపుస్తకంలో రాసేవాడు మా అన్న. మాకు తెలుగు నోట్లో ఉండాదే గాని చేతిలో లేదు. బడి అంతా అరవమే. అందుకని తెలుగు మాటల్నే అరవ అక్షరాల్లో రాస్తాడు. ఆరు నోటుపుస్తకాలు నింపినాడు.

ఇప్పుడు వెంకటసామి వస్తాడు. వాడి మొహం మండ. మేలువీధి పెద్ద అళగర్సామికి చెల్లెలి కొడుకు, విరుదునగర్‌లో కాలేజీ చదివేవాడు. లైబ్రరీలో మా అన్నను చూసి పలకరించినాడంట. ఊర్లో అయితే పలకరించడు గదా. “ఏం చదువుతా ఉండావు అన్నా?” అన్నాడంట. మేలువీధి నోటినుంచి అన్నా అనే మాట విని మా వెర్రివాడు కరిగిపోయినాడు. ఆట గురించి చెప్పినాడు, చరిత్ర పుస్తకాల్లోంచి తీసిన కోట గురించి చెప్పినాడు. “ఒకసారి చదివి ఇస్తాను అన్నా” అంటే, కోటవాకిలి ఉండే నాలుగో పుస్తకాన్ని చేతిలో పెట్టేసినాడు.

“అడిగి ఇచ్చినావా మమ్మల్ని?” అన్నాను.

“చదువుకున్న పిల్లోడు పాండీ. ఆశగా అడిగినాడు.”

“నీకు ఆశగా అడిగితే చాలు, గోచీ విప్పి ఇచ్చేస్తావు.”

ఏడాదయినా పుస్తకం తిరిగి రాలేదు. రెండువేల రెండు చివర్లో మేలువీధి వాళ్ళ సంఘానికి పాతికేండ్ల పండగ వచ్చింది. దానికి మలరు అని ఒక పుస్తకం అచ్చేసినారు. బస్టాండు నుంచి ఊరి దాకా బ్యానర్లు. ఒకదాని మీద పట్టుచీర కట్టి, కత్తి పట్టుకొని, గుర్రమెక్కిన ఒక ఆడమనిషి. కింద ఇంత లావు అక్షరాలు: వీరమంగై కొండక్క నాచ్చియార్. వీరనారి కొండక్క రాణిగారని.

నేను బస్సు దిగి దాన్ని చూసి అట్నే నిలబడిపోయినాను. చేతిలో టిఫిను డబ్బా కింద పడింది. నా కొండక్క! దానికి పట్టుచీరేమి, గుర్రమేమి! గుర్రమెక్కితే పడిపోతుంది అది! మలరులో ఏం రాసినారో కందసామి తెచ్చి చదివినాడు. పాళెగాడి కాలంలో వాళ్ళ వంశపు వీరనారి కొండక్క కోటను కాపాడిందంట. పాళెగాడు మెచ్చి వేపమాను నుంచి ఓడ దాకా బూమి రాసిచ్చినాడంట. ముట్టడిలో తాటాకు లేకపోతే ఆమె తన కాలి కడియం తీసి ఇచ్చిందంట. దాన్ని సాగగొట్టి రేకు చేసి దానిమీద రాసినాడంట.

కడియం యాడినుంచి వచ్చిందో మాకు మొదట అర్థం కాలేదు. మా అన్న మలరును ముందూ వెనకా తిప్పి చూసి తల పట్టుకున్నాడు. ఆయన రాసింది చెప్పు పట్టా అని. అరవ అక్షరాల్లో రాస్తే అది సెప్పు పట్టా. అరవంలో సెప్పు అంటే రాగి. పక్కన పట్టా అని ఉంటే ఇంకేముంది, రాగిరేకు మీద శాసనమే అనుకున్నారు. కాలిది తీసి ఇచ్చింది అని ఉంటే కడియం అనుకున్నారు. తెలుగు తెలీని వాళ్ళా వాళ్ళు? ఇంట్లో చెప్పుల్ని చెప్పులనే అంటారు. కాని ఒక దొర చెప్పు మీద పట్టా రాస్తాడని వాళ్ళ ఏడు తరాల్లో ఎవరికి తోస్తుంది?

పండగనాడు బ్యానరుకు దండేసి, తప్పెట్లు కొట్టి, మా తిట్ట మీదికి ఊరేగింపుగా వచ్చినారు. వేపమాను కింద పటం పెట్టి కర్పూరం వెలిగించినారు. అళగర్సామి రెండు చేతులూ జోడించి, కండ్లు మూసుకొని, నా కొండక్కకు మొక్కినాడు. నేను చూడాలని దగ్గరికి పోయినాను.

“ఏమే, దూరం. దూరం నిలబడు. పటానికి తగులుతావు” అన్నాడు ఎవడో.

“అది నాది” అన్నాను.

“ఏమిటే నీది?”

“ఆ కొండక్క. నేను పెట్టిన పేరు.”

ఒకే నవ్వు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు నాదాన్ని నా వాకిట్లోనే పెట్టి నన్నే దూరం పొమ్మన్నారు. ఇంటికొచ్చి కుండ పగలగొట్టినాను. అంత కోపంలోనూ ఒక మాట చెప్పాలి. వాళ్ళు మొక్కతా ఉంటే నా కడుపులో ఎక్కడో చల్లగా కూడ ఉండింది. మీకు తెలీదురా, మీరు మొక్కేది మా చెప్పుకు, అని.

ఆ చల్లదనం పొంగల్ దాకానే నిలిచింది. పొంగల్ పోయిన వారానికి నోటీసు వచ్చింది. సంఘం వాళ్ళు అర్జీ పెట్టినారంట. తిట్ట వాళ్ళ పూర్వీకురాలికి రాగిశాసనంతో వచ్చిన బూమి, ఆమెకు ఆడ మండపం కట్టాలి, ఆక్రమించి ఉండే పద్నాలుగు ఇండ్లనూ ఖాళీ చేయించాలి. అర్జీకి మలరునూ, మా నోటుపుస్తకాన్నీ జత చేసినారు. ఒక పాత చరిత్రకు రాతప్రతి అని చెప్పి. విచారణ కోవిల్పట్టిలో ఆర్.డి.ఓ ఆపీసులో.

ఇంక తిట్ట మీద పొయ్యి వెలిగితే ఒట్టు. అందరి తిట్లూ మా అన్నకే. “నీ కత వల్లనే గదరా, తిట్టకు కోట తగిలించింది నువ్వే గదా!” తంగం అత్త అయితే మూడు దినాలు మాట్లాడలేదు. ఆయన వసారాలో తల వంచుకొని కూచున్నాడు. నాకు మాత్రం ఒక దారి కనిపించింది.

“అన్నా, నువ్వు పోయి అది నిజమే అని చెప్పు. పాత చరిత్రే, మా తాత దగ్గర విని రాసుకున్నాను అని చెప్పు. రాగి కాదు, చెప్పు అని చెప్పు. చెప్పు మీద పట్టా ఎవరికి వస్తుంది? మనకే గదా. కొండక్క మన ఆడది. బూమి మనది అవుతుంది. వాళ్ళ పుస్తకంతోనే వాళ్ళను కొడదాం.”

“చెప్పు చూపించమంటారు.”

మూల కూచోనుండిన మా నాయన మాడన్ అప్పుడు నోరు తెరిచినాడు. “నేను కుట్టి ఇస్తాను రా అబ్బీ. పేడదిబ్బలో రెండు వారాలు పూడ్చిపెడితే రెండొందల ఏండ్ల చెప్పు అవుతుంది. ఎవడి అబ్బ కనిపెడతాడు?”

నేను చప్పట్లు కొట్టినాను. మా అన్న తల అడ్డంగా ఆడించినాడు. “కనిపెడతారు చిన్నాయనా. సర్కారులో దానికీ మనుషులుంటారు. దొంగ కాగితం పెట్టిన వాళ్ళం మనమవుతాం. ఆ తర్వాత తిట్టా ఉండదు, నోరూ ఉండదు.”

“మరి వాళ్ళు పెట్టింది దొంగ కాగితం కాదా?”

“వాళ్ళు పెడితే పొరపాటు పాండీ. మనం పెడితే దొంగతనం.”

“అయితే ఏం చేస్తావు నువ్వు? పోయి నవ్వుతా నిలబడతావా?”

“నాకు వదిలెయ్యి” అన్నాడు. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. కొండక్క ఎవరిది? నాది. అడగలేదు.

విచారణ నాడు ఇంటికి ఒకరు లెక్కన పద్నాలుగు మందిమి పోయినాం. మా నాయన కాలు వాచిందని మా ఇంటికి నేను. అవతల పక్క అళగర్సామి తెల్లపంచె, వెంకటసామి, ఇంకా పదిమంది. ఆఫీసరు అరవాయన, తెలుగు రాదు. ముందు అళగర్సామి మాట్లాడినాడు, అరవంలో, బాగా ప్రాక్టీసు చేసుకొని. కొండక్క త్యాగం, రాగిశాసనం, వంశం, పరువు. మాట్లాడతా కండ్లు తుడుచుకున్నాడు కూడ. దొంగ ఏడుపు కాదు అది, నిజంగా నమ్మినాడు. నాకు అదే ఇంకా మండింది.

ఆఫీసరు మా అన్న పక్క తిరిగినాడు. “ఈ నోటుపుస్తకం రాసింది నువ్వేనా?”

“నేనే అయ్యా. అది తెలుగులో రాసింది. తమరికి అర్థం కాదు. నేను చదివితే మార్చి చదివినానంటారు. వెంకటసామి సార్‌నే చదవమనండి. పట్టా మాట వచ్చిన పేజీ తర్వాత పేజీ. రెండే వరసలు.”

వెంకటసామి పుస్తకం తీసుకున్నాడు. ఆ పేజీ వాళ్ళెప్పుడూ తిప్పలేదు. కావాల్సింది ముందు పేజీలోనే దొరికె గదా. గట్టిగా మొదలుపెట్టినాడు: “కొండక్క దాన్ని తీసుకొని, తెగిన తోలువారును మళ్ళీ కుట్టి, మడమ దగ్గర దొర గీకిన గుర్తు చూసుకొని, ఆ పట్టానే కాలికి తొడుక్కొని…” అంతే. చదవడం ఆపి పుస్తకం మూసేసినాడు. మేలువీధి పదిమందికీ అర్థమయింది.

“ఏమిటి? ఏం రాసుంది?” అన్నాడు ఆఫీసరు. అళగర్సామి మొహం కుంకుమ మాదిరి అయింది. నేను ఊరుకుంటానా?

“సెరుప్పు అయ్యా” అన్నాను, చెప్పుకు అరవంలో అదే మాట. “వాళ్ళు చెప్పే సెప్పు రాగి కాదు. కాలి సెరుప్పు. చెప్పులు కుట్టే ఆడదాని సెరుప్పు. దానికే వీళ్ళు దండేసి కర్పూరం వెలిగించింది.”

గుమస్తా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వెంకటసామి అళగర్సామి చెవిలో ఏదో ఊదినాడు. అళగర్సామి కుర్చీ వెనక్కి తోసి లేచినాడు. “అంతా అబద్దం! కత! వీళ్ళు ఆదివారం పనిలేక కూచొని ఆడుకునే ఆట అయ్యా ఇది! పిచ్చి ఆట! కొండక్కా లేదు గాడిదగుడ్డూ లేదు!”

“ఆటేనా?” అని ఆఫీసరు మా అన్నను అడిగినాడు.

“ఆటే అయ్యా” అన్నాడు మా అన్న, నెమ్మదిగా.

అప్పుడు అర్థమయింది నాకు ఆయన పన్నిన పన్నాగం. రెండు తలుపులు తెరిచి పెట్టినాడు వాళ్ళకు. కొండక్క నిజమంటే చెప్పుకు మొక్కినవాళ్ళవుతారు, బూమి మాదవుతుంది. అబద్దమంటే అర్జీ పోతుంది. ఏ తలుపులోంచి పోయినా మా ఇండ్లు నిలుస్తాయి. వాళ్ళు పరువు తలుపే పట్టుకొని పరిగెత్తినారు. ఒప్పుకుంటాను, తెలివి ఉండాది మనిషికి. తంగం అత్త నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకొనిందంటే గోళ్ళు దిగినాయి.

ఆఫీసరు మంచివాడే. ఈ గొడవ ఇంక ఎప్పుడూ లేవకుండా గట్టిగా రాసేద్దాం అని గుమస్తాకు చెప్పి టైపు కొట్టించినాడు. తిట్ట సర్కారు పోరంబోకు, పద్నాలుగు ఇండ్లనూ ఎవరూ కదిలించకూడదు. సంఘం అర్జీ వాపసు. తర్వాత ఇంకో వరస. దాన్ని చదివి వినిపించినాడు: “కొండక్క అనే స్త్రీ కల్పన మాత్రమే. అట్లాంటి స్త్రీ ఈ చోట ఏ కాలంలోనూ జీవించలేదు. ఆమె పేరు మీద ఎవరికీ ఏ హక్కూ లేదని ఇరుపక్షాలూ ఒప్పుకొని సంతకం చేసినారు.”

మొదట అళగర్సామి చేసినాడు, పెన్ను కాగితంలో దిగేటట్టు. తర్వాత మా అన్న. తర్వాత ఇంటికొకరు. కందసామి చేసినాడు. తంగం అత్త చేసింది. నా వంతు వచ్చింది. కాగితం ముందర పెట్టుకొని కూచున్నాను. పెన్ను మూత తియ్యలేదు.

అళగర్సామి వాకిట్లో ఆగి తిరిగి చూసినాడు. మా తెలుగులోనే అన్నాడు, నవ్వతా. “పెట్టవే సంతకం. అట్లాంటి ఆడది మీలో ఎప్పుడూ లేదు. లేనిదాన్ని లేదనేదానికి ఏడుపెందుకే?”

మా అన్నను చూసినాను. ఆయన నేలను చూస్తా ఉండాడు. నా వెనక ఇల్లుండాది, ఇంట్లో కాలు వాచిన నాయనుండాడు. పెట్టినాను. పాండీశ్వరి అని, స్పష్టంగా, బడిలో నేర్పినట్టు. నోటుపుస్తకం కూడ ఫైల్లో పెట్టి ట్వైను దారంతో కట్టేసినారు. అది తిరిగి ఇయ్యరంట.

బస్సులో మా అన్న నా పక్కకు వచ్చి నిలబడినాడు. “ఇండ్లు నిలిచినాయి గదా పాండీ” అన్నాడు.

“నిలిచినాయి” అన్నాను. “మన ముత్తవ్వలు ఉన్నారని ఇంతకు ముందు ఏ కాగితమూ చెప్పలేదు. లేరని కూడ ఏ కాగితమూ చెప్పలేదు. ఈరోజు చెప్పింది. సర్కారు ముద్రతో, నా చేతిరాతతో. నా చేతనే రాయించినావు గదన్నా.”

నేను ఆ తర్వాత ఆయనతో ఆడలేదు.